థాంక్స్‌గివింగ్‌కి ఇంటినిండా చుట్టాలు: పదకొండు పూటలు నడిపించడం ఎలా?

మా ఇంట్లో మొదటిసారి థాంక్స్‌గివింగ్ (అమెరికాలో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పండగ) పెట్టుకున్న ఏడాది భోజనం మధ్యాహ్నం మూడింటికి అనుకున్నాం. ఆ విందుకి అవెన్‌లో కాల్చే పెద్ద పక్షి టర్కీ పైకి ఎర్రగా కాలింది కానీ, కోసి చూస్తే తొడ దగ్గర మాంసం ఇంకా పచ్చిగానే ఉంది. మూడింటికల్లా పెట్టేస్తానన్న నా మాట నమ్మి మామయ్యగారు రెండున్నరకే ఇన్సులిన్ వేసుకున్నారు. నాలుగింటికి ఆయనకి చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. ఆరెంజ్ జ్యూస్ తాగించి, కాసేపాగి పెరుగన్నం పెడితే తేరుకున్నారు. అందరి భోజనాలూ అయ్యేసరికి రాత్రి ఎనిమిది. మర్నాడు పొద్దున పద్దెనిమిది మంది లేచి కూర్చుంటే టిఫిన్‌కి ఇంట్లో బ్రెడ్డు తప్ప ఏమీ లేదు.

తప్పెక్కడ జరిగిందో తర్వాత లెక్కేసుకున్నాను. మూడు వారాలపాటు నేను ఆలోచించింది ఒక్క గురువారం విందు గురించే. చుట్టాలు మాత్రం బుధవారం రాత్రి వచ్చి ఆదివారం పొద్దున వెళ్తారు. బుధవారం రాత్రి ఒక పూట, గురు, శుక్ర, శనివారాలు మూడేసి పూటలు, ఆదివారం టిఫిన్. మొత్తం పదకొండు. టర్కీ అందులో ఒక్క పూట. అప్పటినుంచి పదకొండు పూటల లెక్కతోనే మొదలుపెడుతున్నాను, టెన్షన్ సగానికి సగం తగ్గింది.

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. నాలుగు బెడ్‌రూములు, రెండున్నర బాత్రూములు. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారితో కలిపి మేం ఆరుగురం, వచ్చేవాళ్లు పన్నెండు మంది. కింద రాసిన కొలతలన్నీ ఈ పద్దెనిమిది మందికి వేసినవి.

సెప్టెంబర్‌లో: తేదీ ఒక్కటే కాదు, తిథి కూడా

థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం. 1863లో అధ్యక్షుడు లింకన్ నవంబర్ చివరి గురువారాన్ని ప్రకటించారు, నాలుగో గురువారం అని 1941లో చట్టం చేశారు. ముందు రోజు బుధవారం, తర్వాత వచ్చే ఆదివారం విమానాశ్రయాలు కిటకిటలాడతాయి కాబట్టి టికెట్లు సెప్టెంబర్‌లోనే కొనమని చెప్పండి. కారులో వచ్చేవాళ్లని బుధవారం మధ్యాహ్నం లోపే బయల్దేరమనండి. హ్యూస్టన్ నుంచి మామూలుగా నాలుగు గంటల్లో వచ్చే దారికి ఆ సాయంత్రం ఎంత పడుతుందో చెప్పలేం.

అమెరికా క్యాలెండర్ పక్కన మన పంచాంగం కూడా పెట్టుకోండి. 2024లో థాంక్స్‌గివింగ్ నవంబర్ 28న వచ్చింది, అప్పటికి కార్తీకం పూర్తి కాలేదు. 2025లో 27న, మార్గశిరం వచ్చేసింది. 2026లో 26న, మళ్లీ కార్తీకమే. కార్తీకమంతా మాంసం ముట్టనివాళ్లు ఉంటారు. మార్గశిర గురువారం లక్ష్మీపూజ చేసుకునే అత్తయ్యలు ఉంటారు, పండగ పడేది సరిగ్గా గురువారమే. సాయిబాబా గురువారం పాటించేవాళ్లు సరేసరి. ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుని ఉంటే వారికి వంట, గిన్నెలు, పడక అన్నీ వేరుగా ఉండాలి.

అందుకే ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి అడగండి. వాట్సాప్‌లో అడిగితే పెద్దవాళ్లు మొహమాటపడి "మాకేం ఫర్వాలేదమ్మా, ఏదున్నా తింటాం" అనేస్తారు. అడగాల్సినవి ఇవి: ఆ నాలుగు రోజుల్లో ఎవరు మాంసం తినరు, గుడ్డు తింటారా, ఉల్లి వెల్లుల్లి తింటారా, పిల్లల్లో ఎవరికైనా పల్లీలూ జీడిపప్పూ పడవా, మందులు ఏ టైముకి వేసుకుంటారు. చివరిది మర్చిపోవద్దు. మా ఇంట్లో భోజనం టైము ఇప్పుడు టర్కీని బట్టి కాదు, ఇన్సులిన్‌ని బట్టి నిర్ణయిస్తాం.

అక్టోబర్‌లో: ఎవరు ఎక్కడ పడుకుంటారు?

కింద ఉన్న గది పెద్దవాళ్లకే. మోకాళ్ల నొప్పులవాళ్లని మేడమెట్లు ఎక్కించకండి, ఎయిర్ మ్యాట్రెస్ మీద పడుకోబెట్టకండి. అది నేలకి దగ్గరగా ఉండి, లేచేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పసిపిల్లల తల్లికి తలుపు వేసుకోగల గది ఇవ్వండి, అది చిన్నదైనా సరే. మిగతా పిల్లలందరినీ గేమ్ రూమ్‌లో వరసగా పడుకోబెడితే వాళ్లకి అంతకు మించిన పండగ లేదు.

బొంతలు, దుప్పట్లు, దిళ్లు ఇప్పుడే లెక్కపెట్టుకోండి. తక్కువైతే కొనక్కర్లేదు, వచ్చేవాళ్లని ఇంటికి రెండు తెచ్చుకోమనండి. ఎయిర్ మ్యాట్రెస్‌లో గాలి నింపి ఒక రాత్రి వదిలేసి చూడండి. గాలి దిగిపోయేది ఉంటే బుధవారం అర్ధరాత్రి కాకుండా ఇప్పుడే తెలుస్తుంది. బాత్రూమ్ దారిలో రాత్రిపూట చిన్న లైటు పెట్టండి, జారే చోట మ్యాట్ వేయండి.

ఇక వేడినీళ్లు. చాలా ఇళ్లలో ఉండే ట్యాంకు 40 నుంచి 50 గ్యాలన్లు. షవర్‌లోంచి నిమిషానికి సుమారు 2 గ్యాలన్లు పోతాయి. వరసగా నలుగురు పది నిమిషాల చొప్పున స్నానం చేస్తే అయిదో మనిషికి చన్నీళ్లే. మేం టైములు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తాం: పూజ చేసుకునే పెద్దవాళ్లు పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర వరకు, పెద్దలు కొందరు ఎనిమిది తర్వాత, పిల్లలందరికీ ముందు రోజు రాత్రే. పొద్దునపూట డిష్‌వాషర్, వాషింగ్ మెషీన్ వేయం. ప్రతి బాత్రూమ్‌లో ఒక బకెట్, మగ్గు పెట్టండి. మా అత్తయ్యగారికి షవర్ కింద నిలబడితే స్నానం చేసినట్టే ఉండదు, బకెట్ అయితే నీళ్లూ తక్కువే పడతాయి.

నెల ముందు: పూటలు పంచండి

అసలు కిటుకు ఇదే. ఇంటావిడ పదకొండు పూటలూ వండి, ఆదివారానికి మంచానపడితే అది చుట్టాలని పిలిచినట్టు కాదు. ఇంగ్లండ్ నుంచి వచ్చి ప్లిమత్‌లో స్థిరపడినవాళ్లు 1621లో చేసుకున్న పంట విందునే థాంక్స్‌గివింగ్‌కి మొదలుగా చెబుతారు. అదీ ఒక్క పూటది కాదు, మూడు రోజులు సాగింది. అక్కడి ఆదివాసులు, వాంపనోగ్ తెగవాళ్లు తొంభై మంది దాకా వచ్చారు, వేటకి వెళ్లి అయిదు జింకల్ని తెచ్చి ఇచ్చారు. వచ్చినవాళ్లూ విందులో చెయ్యి వేశారన్నమాట.

"ఏం సాయం చేయమంటావ్?" అని అందరూ అడుగుతారు. దానికి "ఏం వద్దులెండి" అనకండి. అలా అంటే వాళ్లకి చేతులు కట్టేసినట్టు ఉంటుంది, మీకు నడుం విరుగుతుంది. ముందే ఫోన్ చేసి, "వదినా, శుక్రవారం పొద్దున టిఫిన్ మీది. పిండి, చట్నీ సామాన్లు నేను తెచ్చిపెడతాను, దోసెలు మీ చేత్తో" అని చెప్పండి. పూట అప్పగించాక మీరు ఆ వంటగదిలోకి వెళ్లకండి. ఉప్పు ఎక్కువైనా, పోపు మాడినా అది వాళ్ల పూట. నాకు ఇది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

మా పంపకం ఇలా ఉంటుంది. బుధవారం రాత్రి నాది: ఒక్కొక్కరూ ఒక్కో టైముకి వస్తారు కాబట్టి సాంబారు, బంగాళాదుంప వేపుడు, అప్పడాలు, పెరుగు, ఎవరొస్తే వాళ్లకి వేడిచేసి పెట్టేయొచ్చు. గురువారం టిఫిన్ ఇడ్లీ, పని తక్కువ. గురువారం మధ్యాహ్నం అందరిదీ. ఆ రాత్రి ఎవరూ వండరు, మిగిలినవే. శుక్రవారం దోసెలు వదినవి, మధ్యాహ్నం బిర్యానీ బావగారిది. శనివారం టిఫిన్‌కి ఉప్మా చేసేది కాలేజీ పిల్లలు, మధ్యాహ్నం గుడి నుంచి వస్తూ బయట భోజనం. శుక్రవారం, శనివారం రాత్రులు చపాతీ, పప్పు, ఒక కూర. ఆదివారం పులిహోర. మగవాళ్లకి కూడా పూటలు ఇవ్వండి, గిన్నెలు తోమడం మాత్రమే కాదు.

వారం ముందు: సరుకులు

రెండు చోట్లకి వెళ్లాలి. ఇండియన్ స్టోర్‌కి ముందు వారాంతంలోనే వెళ్లండి, మంగళ, బుధవారాల్లో కరివేపాకు, కొత్తిమీర దొరకడం కష్టం. అమెరికన్ స్టోర్ పని సోమవారానికి ముగించండి. గురువారం కాస్ట్‌కో, వాల్‌మార్ట్, టార్గెట్ మూడూ మూసే ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు, గ్యాస్ సిలిండర్, పిల్లల డైపర్లు బుధవారానికే ఇంట్లో ఉండాలి. మందులు కూడా. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు ఎన్ని మిగిలాయో పెద్దవాళ్లని అడిగి చూడండి.

పద్దెనిమిది మందికి ఇడ్లీ ఒక పూటకి రెండు కప్పుల మినప్పప్పు, నాలుగు కప్పుల రవ్వ సరిపోతాయి. సుమారు డెబ్బై ఇడ్లీలు వస్తాయి. నవంబర్ చలికి పిండి పులవదు. అవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా గిన్నె అందులో పెట్టండి. అవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించండి, లేకపోతే ఎవరో ఒకరు చూడకుండా వెలిగిస్తారు. ఇదంతా మంగళవారం రాత్రికే అయిపోవాలి, ఆ తర్వాత అవెన్ టర్కీది.

శాకాహారుల కోసం ప్యాకెట్ల మీద అక్షరాలు చదవాలి. స్టఫింగ్ (టర్కీతో పాటు పెట్టే బ్రెడ్డు వంటకం) ప్యాకెట్లలో చాలావాటిలో చికెన్ రసం ఉంటుంది. చిలగడదుంప క్యాసరోల్ మీద వేసే మార్ష్‌మ్యాలోల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. పంప్‌కిన్ పైలో గుడ్డు ఉంటుంది. మా పెద్దమ్మ ఒకసారి ముక్క నోట్లో పెట్టుకున్నాక ఎవరో ఈ సంగతి చెప్పారు. ఆవిడ ఏమీ అనలేదు, మెల్లగా లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చారు. అది చూసినప్పటినుంచి ప్రతి గిన్నె ముందు తెలుగులో చీటీ పెడుతున్నాను: గుడ్డు ఉంది, గుడ్డు లేదు, నాన్‌వెజ్, ఉల్లి లేదు. గరిటెలు కూడా వేటికవే.

టర్కీ

మనిషికి పౌను లెక్క వేయమంటారు. మనవాళ్లలో సగం మంది తినరు, తినేవాళ్లు కూడా పప్పు, పులిహోర వదలరు. మాకు 12 పౌన్ల పక్షి సరిపోయి శుక్రవారం బిర్యానీకి మిగులుతుంది.

గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్ కింది అరలో, కింద ట్రే పెట్టి కరగనివ్వాలి. ప్రతి 4, 5 పౌన్లకి ఒక రోజు చొప్పున 12 పౌన్లకి మూడు రోజులు. ఆదివారం పొద్దున ఫ్రిజ్‌లో పెడితే బుధవారానికి సిద్ధం. మర్చిపోతే కవరుతో సహా చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ పౌనుకి అరగంట లెక్కన ఆరు గంటలు ఉంచండి. అలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి. గట్టు మీద రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు.

మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి కడగడం మన అలవాటు. ఇంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీళ్లు చింది పక్కనున్న కూరగాయల మీద, గిన్నెల మీద క్రిములు పడతాయి. కాగితం తువ్వాలుతో బాగా తుడిస్తే చాలు. మసాలాలో ఎలాగూ పసుపు పడుతుంది. లోపల చిన్న సంచిలో మెడ, గుండె, కాలేయం పెట్టి ఉంటాయి, అవి తీసేయడం మర్చిపోకండి.

బుధవారం సాయంత్రం ఒక కడ్డీ వెన్నలో మూడు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా గరం మసాలా, పసుపు, నిమ్మరసం కలపండి. రొమ్ము దగ్గర చర్మాన్ని వేళ్లతో మెల్లగా వదులు చేసి, ఈ ముద్దని చర్మం కిందకి పట్టించండి. పైన రాస్తే మసాలా మాడుతుంది, మాంసానికి రుచి ఎక్కదు. చాలా టర్కీలని ఉప్పునీళ్లు ఎక్కించే అమ్ముతారు. కవరు మీద అలా రాసి ఉంటే ఉప్పు బాగా తగ్గించండి.

అవెన్ వేడి 325 ఫారన్‌హీట్ డిగ్రీలు. 12 పౌన్లకి సుమారు మూడు గంటలు. మధ్యలో పైభాగం నల్లబడుతుంటే రేకు కప్పండి. గడియారాన్ని, పై రంగుని నమ్మకండి, పదిహేను డాలర్ల లోపే దొరికే థర్మామీటర్ కొనండి. రొమ్ములో మందమైన చోట, తొడ లోపలి భాగంలో, రెక్క మొదట్లో మూడు చోట్లా 165 డిగ్రీలు చూపించాలి. మొదటి ఏడాది నా దగ్గర అది లేకపోవడం వల్లే మామయ్యగారికి ఆ ఇబ్బంది వచ్చింది. తీశాక అరగంట కదపకుండా ఉంచి కోయండి.

మన వంటల్లో ఈ ఊరి పంట

శాకాహారులకి పక్క వంటకాలు పెట్టి సరిపెట్టకండి. వాళ్లకీ మధ్యలో ఒక పెద్ద గిన్నె ఉండాలి. మా ఇంట్లో అది గుత్తి వంకాయ, దాని పక్కన దప్పళం. ఈ సీజన్‌లో దొరికే బటర్‌నట్ స్క్వాష్ మన తీపి గుమ్మడికాయకి బాగా దగ్గర. అందులో చిలగడదుంప, ములక్కాడ వేసి చింతపండు పులుసు పెడితే ఏ ఊళ్లో ఉన్నామో గుర్తురాదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది క్రాన్‌బెర్రీ పచ్చడి. దీని పులుపు గోంగూరకి దగ్గరగా ఉంటుంది. 12 ఔన్సుల ప్యాకెట్, అంటే సుమారు 340 గ్రాముల పచ్చి పళ్లు కడిగి ఆరబెట్టండి. నూనెలో అర చెంచా మెంతులు, చెంచా ఆవాలు, పన్నెండు ఎండుమిరపకాయలు వేయించి తీయండి. అదే మూకుడులో ఇంకొంచెం నూనె వేసి పళ్లు వేస్తే ఆరేడు నిమిషాల్లో టపటపా పగిలి మెత్తబడతాయి. అంతా చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న బెల్లం ముక్కతో బరకగా రుబ్బి ఇంగువ పోపు పెట్టండి. నీళ్లు పోయకండి, చల్లారేకొద్దీ దానంతట అదే గట్టిపడుతుంది. వెల్లుల్లి తిననివాళ్లకి రుబ్బేముందే కొంచెం పక్కన తీయండి. సోమవారమే చేసి పెట్టుకుంటే గురువారానికి ఇంకా బాగుంటుంది. నాన్‌వెజ్ తినేవాళ్లు టర్కీలో నంజుకుంటారు, తిననివాళ్లు వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటారు. ఒకే గిన్నె బల్లకి ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంది.

పరిమాణాల గురించి ఒక మాట. పులిహోర ఉంటే తెల్లన్నానికి కిలో బియ్యం చాలు. పెరుగు మాత్రం అనుకున్నదానికన్నా ఒక డబ్బా ఎక్కువ తెండి.

గురువారం

మేం భోజనం మధ్యాహ్నం ఒంటిగంటకి పెడతాం. ఏడున్నరకి అవెన్ వెలిగించి ఎనిమిదికల్లా టర్కీ లోపల పెడితే పదకొండుకి అవుతుంది, ఆలస్యమైనా చేతిలో గంట ఉంటుంది. పెద్దవాళ్లకి అది రోజూ తినే వేళ. ఏ కారణం వల్లైనా ఒంటిగంట దాటుతుందనిపిస్తే పెద్దవాళ్లకి ముందే పప్పన్నం పెట్టేయండి, టర్కీ కోసం ఆపకండి.

పొద్దున పిల్లలు టీవీలో మేసీస్ పరేడ్ (న్యూయార్క్‌లో జరిగే పండగ ఊరేగింపు) చూస్తుండగా వాళ్ల చేత ఇండియాకి ఫోన్ చేయించండి. మా దగ్గర పొద్దున ఎనిమిదంటే అక్కడ రాత్రి ఏడున్నర, అందరూ ఇంట్లోనే ఉంటారు. వేపుళ్లకి వెనక పెరట్లో గ్యాస్ పొయ్యి వాడతాం, వాసన ఇంట్లోకి రాదు. చలిగా ఉందని ఆ పొయ్యిని గరాజ్‌లోకి తేకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇళ్లలో వంట వల్ల జరిగే అగ్నిప్రమాదాలు ఏడాది మొత్తంలో ఎక్కువగా జరిగేది కూడా ఈ రోజే. నూనె మూకుడు దగ్గర ఒక పెద్ద మనిషి కదలకుండా ఉండాలి.

భోజనాల దగ్గర అమెరికన్ ఇళ్లలో ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులమో చెబుతారు. మన ఇళ్లలో అమ్మకి, నాన్నకి థాంక్స్ చెప్పే అలవాటు లేదు, బలవంతంగా చెప్పిస్తే అందరూ ఇబ్బందిపడతారు. మేం పిల్లల చేత వడ్డన చేయిస్తాం. వడ్డిస్తూ ఒక్కో పిల్లా పిల్లాడూ తాతయ్యనో అమ్మమ్మనో "మీ చిన్నప్పుడు పండక్కి ఇంటికి ఎవరెవరు వచ్చేవారు?" అని అడగాలి. పోయినేడు మామయ్యగారు వాళ్ల ఊళ్లో సంక్రాంతికి బండ్లు కట్టుకుని వచ్చే మేనత్తల గురించి గంటసేపు చెప్పారు. ఈ పండగేమిటని ఆయన తిరిగి అడిగితే మా అమ్మాయి వాంపనోగ్‌ల సంగతి చెప్పింది, ఆ తర్వాత వాళ్ల నేల ఎలా పోయిందో, 1970 నుంచి కొందరు ఇదే రోజున ప్లిమత్‌లో సంతాప దినం ఎందుకు పాటిస్తున్నారో కూడా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిల్లలకి ఈ రెండో సగం కూడా తెలియాలని నా నమ్మకం.

మూడున్నరకి కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. డాలస్ జట్టు 1966 నుంచి దాదాపు ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ సొంత ఊళ్లోనే ఆడుతోంది. అది మొదలయ్యేలోపు కూరలన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. వండినవి బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. పెద్ద గిన్నెతో సహా పెడితే లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చండి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

సింకు దగ్గర కాపలా పెట్టండి. అన్నం, బంగాళాదుంప తొక్కలు, నూనె జిడ్డు డిస్పోజల్‌లో (సింకు కింద చెత్త నలిపే యంత్రంలో) వేస్తే పైపులో ముద్దకట్టి ఆగిపోతుంది. శుక్రవారం ప్లంబర్లకి ఊపిరి సలపని రోజు. కంచాలు చెత్తబుట్టలోకి దులిపాకే సింకులోకి రావాలి.

శుక్ర, శనివారాలు

షాపింగ్‌కి వెళ్లేవాళ్లు వెళ్తారు, పెద్దవాళ్లని లాక్కెళ్లకండి. బావగారు టర్కీ తొడల మాంసంతో బిర్యానీ చేస్తారు. రొమ్ము మాంసం రెండోసారి వేడిచేస్తే పీచుపీచుగా అవుతుంది, బిర్యానీకి తొడలే బాగుంటాయి. అది ముందే ఉడికినది కాబట్టి దమ్ముకి పెట్టేటప్పుడు ఆఖరి పొరలో వేయాలి.

శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తాం. మిగతా రోజంతా ఏ కార్యక్రమం పెట్టకండి. పేకాట, క్యారమ్స్, మధ్యాహ్నం నిద్ర. ఇల్లు పట్టనంత మంది ఉన్నప్పుడు ఎవరికో ఒకరికి కాసేపు ఒంటరిగా ఉండాలనిపిస్తుంది, మీకు కూడా. మీ గది తలుపు వేసుకుని గంట పడుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆదివారం

పులిహోర పొట్లాలు కట్టి దారికి ఇచ్చేయండి. విమానంలో వెళ్లేవాళ్లకి పచ్చడి ఇస్తే అది చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమనండి. చేతిసంచిలో 3.4 ఔన్సులు దాటిన పచ్చడి సీసాని సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు. మూత మీద ప్లాస్టిక్ చుట్టి, రెండు కవర్లలో వేయండి. ఎవరి గిన్నెలు, దుప్పట్లు వాళ్ల కార్లలో బయల్దేరేముందే పెట్టించండి. మా ఇంట్లో ఇంకా ఎవరిదో ఒక ఇత్తడి గరిటె ఉంది, మూడేళ్లయింది.